బటూరు అగ్నిపర్వతం దగ్గర మా అమ్మతో ఒక పగలు

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు లేకపోయి ఉంటే, 2019 సెప్టెంబరులో బాలి ద్వీపం వెళ్లినప్పుడు మేము కూడా అందరిలాగే పెద్ద బస్సు ఎక్కి, గైడు జెండా ఎత్తిన చోటల్లా దిగి, పిలిచినప్పుడల్లా పరుగెత్తి, చాలా ప్రదేశాలు చూశామన్న లెక్కతో రాత్రికి బసకు చేరి ఉండేవాళ్లం. ఆమెకు అప్పటికే డెబ్బై అయిదేళ్లు దాటాయి. అగనంపూడి నిర్వాసిత కాలనీలోని మా ఇంటి నుంచి వీధి చివరి గుడికి వెళ్లాలన్నా మధ్యలో ఎవరి అరుగు మీదనో కాసేపు కూర్చోవలసి వచ్చేది. సింగపూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయికి ఈ సంగతి తెలుసు కాబట్టి, కింతామణి ప్రాంతంలోని అగ్నిపర్వతాన్ని చూడడానికి మా ముగ్గురి కోసమే ఒక కారును, ఆ కారును నడుపుతూనే విశేషాలు చెప్పే ఒక గైడును పగలంతటికీ మాట్లాడిపెట్టాడు. వాడు రాలేదు. సెలవు దొరకలేదన్నాడు కానీ, నాన్నమ్మ ప్రశ్నలకు జవాబులు చెప్పే బాధ్యత నాకు అప్పగించాలనే ఉద్దేశం కూడా అందులో ఉందని నా అనుమానం.

గైడు బటూరు సరస్సు ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. నలభై ఏళ్లు ఉంటాయేమో. ఇంగ్లీషు నిదానంగా, ఒక్కొక్క మాటే ఎంచుకుని మాట్లాడేవాడు. నేను దాన్ని అమ్మకు తెలుగులో చెప్పేవాణ్ని. ఆమెను వాళ్ల పద్ధతిలో, అమ్మా అనే అర్థంలో 'ఇబు' అని పిలిచి, ముందు సీటు వెనక్కి వంచి, కాళ్లు చాపుకునేలా అమర్చి కూర్చోబెట్టాడు. కారు బయలుదేరక ముందే అతడు అడిగిన మొదటి ప్రశ్న, "ఈ రోజు ఏమేమి చూడాలనుకుంటున్నారు?" అని కాదు, "ఏమేమి వదిలేద్దాం?" అని. సొంతంగా గైడును పెట్టుకోవడంలో ఉన్న అసలు సుఖం ఇదేనని నాకు అప్పుడే అర్థమైంది. తెగళ్లలాంగ్ మెట్ల వరిపొలాల దగ్గర కారులోంచే చూసి కదిలిపోయాం. పునుగుపిల్లి తిని విసర్జించిన గింజలతో కాఫీ చేసి అమ్మే తోటను మా అమ్మే వద్దంది. అరకు కాఫీ ఇంట్లో ఉండగా ఆ కాఫీతో మనకేం పని అని ఆమె వాదన.

నేను ఎందుకు ఆ కొండను చూడాలని పట్టుబట్టానో చెప్పాలంటే నా ఉద్యోగం గురించి రెండు మాటలు చెప్పక తప్పదు. అప్పటికి నేను విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ విభాగంలో పనిచేస్తున్నాను. మా మొదటి రెండు ఫర్నేసులకు నదుల పేర్లు పెట్టారు. 1990లో మొదలైనది గోదావరి, 1992లో మొదలైనది కృష్ణ. కట్టినప్పుడు ఒక్కొక్కటి 3,200 ఘనపు మీటర్ల కొలిమి. కొలిమి అడుగున ఉండే ట్యాప్ హోల్ అనే రంధ్రం తెరవగానే దాదాపు 1,500 డిగ్రీల వేడితో ద్రవ ఇనుము, దాని మీద తేలుతూ స్లాగ్ అనే కరిగిన రాతి మడ్డి బయటికి వస్తాయి. రన్నర్ అనే కాలువలో ఆ రెండింటినీ వేరుచేసి, ఇనుమును టార్పెడో లాడిళ్లనే పెద్ద పాత్రల్లోకి, స్లాగును నీటి ధారల కిందికి మళ్లిస్తాం. జీవితంలో ఎక్కువ భాగం ఎర్రగా కరిగి పారే రాతిని చూస్తూ గడిపిన నాకు, మనిషి ప్రమేయం లేకుండా భూమి తనంతట తాను అదే పని ఎలా చేస్తుందో చూడాలని ఉండేది. విశాఖపట్నం చుట్టుపక్కల ఆ కోరిక తీరే మార్గం లేదు. డాల్ఫిన్స్ నోస్ గానీ, కైలాసగిరి గానీ, సింహాచలం కొండలు గానీ ఖోండలైటు రాయి. సుమారు వందకోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ మారి, ఎప్పుడో చల్లబడి, ఇప్పుడు ఎండకూ వానకూ అరుగుతూ ఉన్న ముసలి రాయి. నాకు కావలసింది పడుచు రాయి.

పెనెలోకాన్ అనే చోట రోడ్డు ఒక్కసారిగా అంచుకు చేరుతుంది. అప్పటిదాకా నారింజ తోటల మధ్య, కాఫీ మొక్కల మధ్య ఎక్కుతూ వచ్చిన దారి అక్కడ ముగిసినట్టే అనిపించి, ఎదురుగా నేల కిందికి దిగబడిపోయి కనిపిస్తుంది. ఉదయం తొమ్మిది లోపే చేరాలని గైడు తొందరపెట్టడానికి కారణం మబ్బులు. మధ్యాహ్నానికి అవి లోపలంతా నిండిపోతాయట. మేము వెళ్లేసరికి ఆకాశం నిర్మలంగా ఉంది. చలికి అమ్మ శాలువా కప్పుకుని, రెయిలింగు పట్టుకుని చాలాసేపు చూసింది.

అక్కడ కనిపించేది ఒక కొండ మాత్రమే కాదు. సుమారు 13 కిలోమీటర్ల పొడవు, 10 కిలోమీటర్ల వెడల్పు ఉన్న గొయ్యి ఒకటి, దాని లోపల మరొక గొయ్యి, ఆ లోపలి దాని మధ్యలో 1,717 మీటర్ల బటూరు శిఖరం. దాదాపు 29,000 ఏళ్ల కిందట అక్కడ ఉన్న మహాపర్వతం పేలి, లోపలి శిలాద్రవం బయటికి పోవడంతో, ఆధారం కోల్పోయిన పైభాగం కూలి మొదటి గొయ్యి ఏర్పడింది. సుమారు 20,000 ఏళ్ల కిందట మరో పేలుడు రెండోదానికి కారణమైంది. దీనిని కాల్డెరా అంటారు. ఇప్పుడున్న శిఖరం ఆ శిథిలాల మధ్య తర్వాత పెరిగినదే. కుడివైపు నెలవంక ఆకారంలో బాలి సరస్సులన్నింటిలోకీ పెద్దదైన బటూరు సరస్సు, దాని వెనక 2,152 మీటర్ల అబాంగ్ కొండ, ఇంకా వెనకగా ఆకాశంలోకి చొచ్చుకుపోయిన అగుంగ్. ఆ అగుంగ్ 2017 నవంబరులో బూడిద చిమ్మి విమానాశ్రయాన్ని మూయించింది. మేము వెళ్లిన ఏడాది కూడా జూన్ దాకా అప్పుడప్పుడు పేలుతూనే ఉంది. 1963లో అది పేలినప్పుడు వెయ్యిమందికి పైగా చనిపోయారు. దాని వాలులోనే ఉన్న బెసాకీ మహాలయాన్ని మాత్రం లావా తాకకుండా పక్కనుంచి పోయింది.

ఆ వీక్షణస్థలం గురించి ఒక్క మాట. టోపీలు, చెక్క బొమ్మలు అమ్మేవాళ్లు మనల్ని వదలరు. పెద్ద బస్సుల వాళ్లకు ఆ రెయిలింగు దగ్గర పావుగంట ఇస్తారు. అందులో సగం బేరాలకే పోతుంది. చాలామంది అగ్నిపర్వతాన్ని అక్కడినుంచే చూసి, ఎదురుగా ఉన్న భోజనశాలలో తిని, వెనక్కి తిరిగిపోతారు. మా గైడు కారును మలుపులు తిరిగే ఇరుకు దారిలో గొయ్యి లోపలికి దించాడు. చూడవలసినదంతా కిందే ఉంది.

దిగాక దారికి రెండు వైపులా నల్లని రాళ్ల దిబ్బలు మొదలయ్యాయి. పైనుంచి చూసినప్పుడు శిఖరం పాదాల దగ్గర మబ్బు నీడ పడినట్టు కనిపించినది ఇదే. అందులో పెద్ద భాగం 1963లో పారిన లావా అని గైడు చెప్పాడు. అగుంగ్ పేలిన ఏడే బటూరు కూడా పేలిందన్నమాట. నేను పుట్టినది కూడా 1963లోనే. నా ఈడు రాయిని నేను అంతకు ముందెన్నడూ చూడలేదు. మా ఊరి కొండలకు అలవాటుపడ్డ కళ్లకు రాయి అంటే పుట్టుక తెలియనిది, ఎప్పటినుంచో ఉన్నది. ఇక్కడ మాత్రం ఏ నెలలో పారిందో చెప్పగలిగిన మనుషులు ఇంకా బతికే ఉన్నారు.

అమ్మ దిగలేదు. దిగవలసిన అవసరం లేకుండా గైడు కారును ఒక లావా గోడకు ఆనించినంత దగ్గరగా ఆపాడు. ఆమె తలుపు తెరిచి, సీటులో కూర్చునే చెయ్యి చాపి రాయిని తడిమింది. నేను, నా భార్య దిబ్బ మీదికి కొంతదూరం ఎక్కాం. అంచులు గాజు పెంకుల్లా కోసుకుపోయేవి. ప్రతి అడుగూ చూసి వెయ్యాలి. పగిలిన ముక్కను చేతిలోకి తీసుకుని చూస్తే అంతా నాకు తెలిసిన వ్యవహారమే. వాయువులు బయటికి పోయిన చోట చిల్లులు, తొందరగా చల్లారిన పైపొరలో గాజు మెరుపు, నిదానంగా చల్లారిన లోపలి భాగంలో గరుకైన గింజదనం. మా దగ్గర స్లాగు కూడా ఇంతే. నీటి ధార కింద పడితే గాజు ఇసుకై సిమెంటు ఫ్యాక్టరీకి పోతుంది. గుంతలో పోసి వదిలేస్తే గట్టి రాయై కూర్చుంటుంది. తేడా రంగులో ఉంది. మా ఇసుక తెల్లగా, లేత పసుపుగా ఉంటుంది. ఈ రాయి బొగ్గు నలుపు. ఎందుకా అని కాసేపు ఆలోచిస్తే నవ్వు వచ్చింది. రాతిని నల్లగా ఉంచేది అందులోని ఇనుము. ఆ ఇనుమును రాతిలోనుంచి బయటికి లాగడానికే కదా మా కర్మాగారం కట్టింది! బటూరు లావా బయటికి వచ్చేటప్పుడు 1,100 డిగ్రీలు అటూ ఇటూగా ఉంటుంది. అంటే మా ఫర్నేసు వేడి కంటే తక్కువే. ఈ మాట గైడుకు చెబితే అతడు నమ్మలేదు. నా ఫోనులో ఉన్న ఒక ట్యాపింగ్ వీడియో చూపించాను. శిఖరం వైపు ఒకసారి, ఫోను వైపు ఒకసారి చూసి, "దీని దగ్గర నిలబడడానికి మీకు జీతం ఇస్తారా?" అని అడిగాడు.

ఆ నల్లటి నేల మీద ముందుగా నాచు, లైకెన్లు పడతాయి. తర్వాత రాతి పగుళ్లలో ఫెర్నులు. వాటి వెనక గడ్డి, పొదలు. సరస్సు ఒడ్డుకు చేరేసరికి అదే బూడిద నేలలో ఎర్ర ఉల్లి, టమాటా, క్యాబేజీ మళ్లు. కొన్నిచోట్ల లావా ఇసుకను తవ్వి లారీల్లో తీసుకుపోతున్నారు; గుళ్ల ప్రాకారాలకు, ద్వారపాలకుల విగ్రహాలకు కూడా ఈ నల్ల రాయే వాడతారట. తోయ బుంగ్కా దగ్గర వేడినీటి ఊటలకు గట్లు కట్టి కొలనులు చేశారు. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మోకాళ్ల దాకా ఆ నీటిలో పెట్టి కూర్చుంది, గంటసేపు లేవలేదు. గైడు తొందరపెట్టలేదు. గట్టు మీద కూర్చుని నా భార్య బస నుంచి కట్టుకొచ్చిన పులిహోర తిన్నాం; గైడు కూడా తిని, చింతపండు తమ వంటల్లోనూ ఉంటుందని చెప్పాడు. అవతలి ఒడ్డున అబాంగ్ కొండ కింద ఉన్న త్రుణ్యాన్ గురించి కూడా అతడు అక్కడే చెప్పాడు. ఆ ఊరివాళ్లు చనిపోయినవాళ్లను దహనం చేయరు. పెళ్లయి, సహజంగా చనిపోయినవాళ్లను పూడ్చరు కూడా. ఒక మహావృక్షం కింద వెదురు దడి కట్టి పడుకోబెడతారు. పడవలో వెళ్లవచ్చు కానీ మేము వెళ్లలేదు. ఒకరి శ్మశానాన్ని చూసిరావడానికి టిక్కెట్టు కొనడం నాకు ఇష్టం లేకపోయింది.

మబ్బులు దిగడం మొదలుపెట్టాక మళ్లీ అంచు మీదికి ఎక్కి, పుర ఉలున్ దాను బటూరు గుడికి చేరుకున్నాం. నాకు ఈ ప్రయాణమంతా లావా కోసమైతే, అమ్మకు ఈ ప్రయాణమంతా ఇక్కడ జరిగింది. లోపలికి వెళ్లాలంటే నడుముకు సారోంగు చుట్టుకోవాలి. చీర ఉంది కాబట్టి అమ్మకు, నా భార్యకు పట్టీ మాత్రం కట్టి పంపారు. నా ప్యాంటు మీద నిండా గుడ్డ చుట్టారు. నేల మీద అడుగడుగునా కొబ్బరాకు దొన్నెల్లో పువ్వులు, అన్నం మెతుకులు, వెలుగుతున్న అగరొత్తులు పెట్టి ఉన్నాయి; వాటిని తొక్కకుండా అమ్మ కర్ర ఆనించిన చోట చూసి చూసి అడుగు వేసింది. తలల మీద పండ్లు గోపురంగా పేర్చిన పళ్లేలతో ఆడవాళ్లు వరుసగా లోపలికి వెళుతుంటే ఆమె ఆగిపోయి, "మన ఘటాలే" అంది. లోపల పదకొండు అంతస్తుల నల్లని కప్పుతో దేవి దానుకు కట్టిన మేరువు అనే ఆలయ గోపురం ఉంది. ఆమె సరస్సు అధిదేవత. ఎదుట విగ్రహం ఏదీ కనిపించకపోవడం అమ్మకు మొదట కొంత వెలితిగా తోచింది. ఉత్సవం రోజున దేవత దిగివచ్చి పీఠం మీద కూర్చుంటుందని గైడు చెప్పాక సర్దుకుంది.

అక్కడే గైడు ఆ గుడి కథ చెప్పాడు. గుడీ, బటూరు ఊరూ మొదట ఇక్కడ లేవు. కింద, శిఖరం పాదాల దగ్గర ఉండేవి. 1917లో ద్వీపాన్ని పెద్ద భూకంపం కుదిపింది, అదే ఏడు బటూరు కూడా పేలింది. లావా ఊరి మీదికి వచ్చి, సరిగ్గా గుడి వాకిట ఆగిపోయింది. దేవత కాపాడిందని జనం అక్కడే ఉండిపోయారు. 1926లో మళ్లీ పారిన లావా ఈసారి ఆగలేదు. ఊరు, గుడి రెండూ దాని కిందికి పోయాయి. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడిన ఏడు కూడా అదే. బతికి బయటపడిన జనం డచ్చివారి పాలనలో ఈ అంచు మీద కొత్త ఊరు కట్టుకుని, గుడిని కూడా ఇక్కడికే తెచ్చుకున్నారు. సరస్సు నుంచి పైకి కనిపించే కాలువ ఏదీ బయటికి పోదు. నీరు లోపలికి ఇంకి, దిగువ వాలుల్లో ఊటలై, వాటినుంచి వరిమళ్లకు చేరుతుందని అక్కడి రైతుల విశ్వాసం. అందుకే ఎవరి పొలానికి ఎప్పుడు నీరు వదలాలన్న నిర్ణయంలో ఈ గుడి మాట చెల్లుతుంది. సుబక్ అనే ఆ నీటి సంఘాల ఏర్పాటు 9వ శతాబ్దం నాటినుంచి ఉన్నది. 2012లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడు ఈ గుడిని కూడా అందులో చేర్చింది. 1970లలో అధిక దిగుబడి వంగడాలు వచ్చి, ఎవరికి వారు వెంటవెంటనే నాట్లు వేసుకోవాలని పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు, పొలాలన్నీ ఒకేసారి ఖాళీగా ఉండే విరామం పోయి పురుగు విపరీతంగా పెరిగింది. ఆ తర్వాత రైతులు మళ్లీ గుడి చెప్పిన క్రమానికే వచ్చారు. ఇదంతా నేను ఆసక్తిగా విని అమ్మకు చెబుతున్నాను. ఆమె పొలాల సంగతి దగ్గర నన్ను ఆపేసింది.

"అదంతా ఒగ్గీ. ఆ అమ్మోరిని కిందనుంచి ఎవులు మోసుకొచ్చారో అడగరా" అంది.

అడిగాను. ఊరివాళ్లే, గుడిలోని పవిత్రమైన వస్తువులను తలల మీద పెట్టుకుని ఎక్కారని తన తాత చెప్పేవాడని గైడు అన్నాడు. అమ్మ తల ఊపింది. ఆమె ఎందుకు అడిగిందో నాకు తెలుసు. ఎనభయ్యో దశకం మొదట్లో ఉక్కు కర్మాగారం కోసం భూములు తీసుకున్నప్పుడు ఖాళీ అయిన ఊళ్లలో మాదీ ఒకటి. నేను అప్పుడు ఇంటర్మీడియట్ పూర్తిచేసి ఖాళీగా ఉన్నాను. మా గ్రామదేవతకు గుడి అంటూ ఏమీ లేదు. వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి. చెట్టును తీసుకురాలేరు కాబట్టి రాయిని పెకలించి, కొత్త చీర చుట్టి, ఎడ్లబండి మీద ఎక్కించి, డప్పులతో కాలనీకి తీసుకువచ్చారు. బండికి ముందు ఘటం ఎత్తుకుని నడిచిన ఆడవాళ్లలో మా అమ్మ ఉంది. ఎండ మండిపోతున్నా దారిలో ఎక్కడా ఘటం దించకూడదని పెద్దలు చెప్పారట. ఆ రోజు మెడకు పట్టిన నొప్పి గురించి ఆమె ఇప్పటికీ కొంత గర్వంగానే చెబుతుంది. తర్వాత కొన్నాళ్లకు, నిర్వాసితులకు ఇచ్చిన ఆర్-కార్డు మీద నాకు ఉద్యోగం వచ్చింది. ఇదంతా గుడి మెట్ల మీద కూర్చుని అమ్మ చెబుతుంటే, నేను గైడుకు ఇంగ్లీషులో అప్పజెప్పాను. పొద్దుటినుంచి అతడి మాటలను నేను అమ్మకు చెబుతూ వచ్చాను. ఇప్పుడు పని తిరగబడింది. అతడు ఎక్కడా తొందరపడకుండా, మధ్యలో ఏవేవో అడుగుతూ విన్నాడు. రాయి ఎంత బరువు? కొత్త చోటును ఎవరు నిర్ణయించారు? అక్కడ మళ్లీ వేపచెట్టు నాటారా? నాటారు, ఇప్పుడది రెండంతస్తుల ఎత్తు ఉంది. ఇంత వివరంగా ఆ సంగతులు నేను కూడా అమ్మను ఎప్పుడూ అడిగి ఉండలేదు.

దారిలో తంపక్సిరింగ్ దగ్గర తీర్థ ఎంపుల్ ఉంది. 10వ శతాబ్దం నాటి ఆ పుణ్యస్నానాల గుడిని చూడడం మొదట అనుకున్న పథకంలో ఉన్నదే. అప్పటికి వాన పట్టుకుంది, అమ్మ అలిసిపోయింది. గైడు ఒక చూపుతో అడిగాడు, నేను ఒక చూపుతో వద్దన్నాను. నారింజ తోటల మధ్య దిగుతూ ఉండగా అతడికి ఇంకొక సందేహం వచ్చింది. తమ పాత ఊరి మీద లావా పేరుకుని ఉంది, అప్పుడప్పుడు వెళ్లి ఆ చోటును చూసి వస్తుంటారు. మరి మీ పాత ఊరి మీద ఇప్పుడు ఏముంది, మీరు వెళ్లి చూస్తుంటారా అని ఇబును అడగమన్నాడు.

కళ్లు మూసుకునే ఉన్న అమ్మ, "మా ఊరి మీద కొలిమి ఎట్టారు. మావోడు అందులోనే పన్జేస్తన్నాడని సెప్పు" అంది.

చెప్పాను. అతడు నా ఫోనులోని వీడియో గుర్తుచేసుకుని కాసేపు ఆలోచించి, "అయితే మీ అబ్బాయి రోజూ సొంతూరికి వెళ్లి వస్తున్నట్టే కదా ఇబు" అన్నాడు. నేను ఆ మాటను తెలుగు చేశాను.

"జీతం కూడా ఇత్తారని సెప్పు" అంది అమ్మ.